ఒక్క కణమును వెదకిన శాస్త్రజ్ఞుడు: ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్

వేకువజామున తాటిచెట్టునుండి దింపిన రసము తీయగా నుండును. కుండలో సున్నము పూయనియెడల నది పొద్దెక్కునప్పటికే నురుగు గట్టి, పులిసి, మత్తు గలిగించు కల్లుగా మాఱును. ఈ మార్పు చూడని పల్లెవాడు మన దేశమున లేడు. అయితే ఆ కుండలో నేమి జరుగుచున్నదో వేల సంవత్సరములు మానవు లెఱుగరైరి. రసము తనంతట తానే చెడుచున్నదని కొందఱును, గాలివలన చెడుచున్నదని కొందఱును తలంచిరి. కంటికి కానరాని ఈస్టు అను జీవులు ఆ తీపిని తిని ఆల్కహాలును విడుచుచున్నవని పందొమ్మిదవ శతాబ్దమున తేట తెల్లమయ్యెను. దానిని స్థిరపఱచిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడగు లూయీ పాస్టరు పేరు మన విద్యార్థులందఱికిని పరిచితమే. కాని ఆ జీవులు కోట్లకొలది గుంపులుగా నుండగా, వానిలో నేది మంచిదో, ఏది చెడ్డదో వేఱుపఱచు మార్గమును కనుగొన్నవాడు మఱియొకడు. అతడు డెన్మార్కు దేశస్థుడగు ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్. నేడు మోటారు బండ్లలో పెట్రోలుతో కలిపి మండించు ఇథనాలు ఆతని మార్గము నాధారము చేసికొనియే తయారగుచున్నది గనుక ఆతని జీవితము తెలిసికొనదగినది.

హాన్సెన్ 1842 వ సంవత్సరము మే నెల 8 వ తేదీన, జట్లండు ద్వీపకల్పముయొక్క పశ్చిమభాగమందలి రీబె అను పురాతన పట్టణమున జన్మించెను. ఆతని కుటుంబము బీదది. పై చదువులు చదివించుటకు వలయు ధనము ఆ యింట లేకుండెను. అందుచేత నాతడు యౌవనమున ఇండ్లకు రంగులు వేయు పని నేర్చుకొని, నిచ్చెన నెక్కి కుంచె చేతబట్టి జీవనము సాగించెను. పిదప కొంతకాలము పిల్లలకు పాఠములు చెప్పి పొట్టపోసికొనెను. ఈడుగల యితరులు పట్టములు పుచ్చుకొని ఉద్యోగములలో ప్రవేశించు వయస్సున నాతడింకను పరీక్షలకై రాత్రులు చదువుకొనుచుండెను. ముప్పది యేండ్లు సమీపించిన పిమ్మటనే కోపెన్‌హేగన్ విశ్వవిద్యాలయమున నాతనికి ప్రవేశము దొరకెను.

అక్కడ చేరిన పిదపనైనను కష్టములు తీఱలేదు. చదువున కగు వ్యయమునకై నవలలు వ్రాసి, వానిపై వచ్చు కొద్దిపాటి ద్రవ్యముతో దినములు గడపెను. చార్లెస్ డార్విను బీగిల్ ఓడలో చేసిన యాత్రయొక్క వృత్తాంతమును మఱియొక మిత్రునితో కలిసి డేనిషు భాషలోనికి మార్చెను. ఆ యనువాదము 1876 వ సంవత్సరమున అచ్చయ్యెను. ఆ సంవత్సరముననే పశువుల పేడపై మొలచు శిలీంధ్రములనుగూర్చి యాతడు వ్రాసిన పరిశోధన వ్యాసమునకు స్వర్ణపతకము లభించెను. పేడకుప్పను చూచి ముక్కు మూసికొని పోవువారే గాని దానియందు వంగి, ఏ శిలీంధ్రము ఏ దినమున మొలచునో, ఎట్టి బీజములు విడుచునో ఓపికతో వ్రాసికొనువా రెందఱు? ఆ యోపికయే తరువాత నాతని గొప్ప కార్యమునకు పునాది యయ్యెను.

ఇక్కడ మఱియొకని కథ కొంత చెప్పవలసియున్నది. కోపెన్‌హేగన్ నగరమున జె. సి. జాకోబ్సెన్ అను బీరు కర్మాగారాధిపతి యుండెను. ఆతడు 1845 వ సంవత్సరమున జర్మనీయందలి మ్యూనిక్ నగరమునకు పోయి, అక్కడి కర్మాగారమునుండి మేలైన ఈస్టును కొంచెము సంపాదించి, గుఱ్ఱపుబండి ఆగిన ప్రతి మజిలీయందును చన్నీటితో చల్లార్చుచు, ఎండకు చావనీయక స్వదేశమునకు తెచ్చెనని చెప్పుదురు. 1847 వ సంవత్సరమున నగరము వెలుపల నొక క్రొత్త కర్మాగారమును కట్టి, తన కుమారుడగు కార్ల్ పేరిట దానికి కార్ల్స్‌బర్గు అని పేరిడెను. ఈ జాకోబ్సెన్ లాభము నొక్కటియే చూచుకొను వర్తకుడు కాడు. శాస్త్రజ్ఞానము లేక కర్మాగారము గ్రుడ్డివాని నడకవంటిదని యెంచి 1875 వ సంవత్సరమున అక్కడనే యొక పరిశోధనాలయమును స్థాపించెను. దాని నియమములలో నొకటి మిక్కిలి గమనింపదగినది. అక్కడ కనుగొనబడిన యే ముఖ్య విషయమును రహస్యముగా దాచరాదని ఆతడు శాసించెను.

హాన్సెన్ ఆ పరిశోధనాలయమున పనిచేసి, బీరునందును దాని ముడిరసమునందును నివసించు జీవులనుగూర్చి గ్రంథము వ్రాసి, 1879 వ సంవత్సరమున డాక్టరు పట్టము పొందెను. ఆ సంవత్సరముననే అచ్చటి శరీరధర్మశాస్త్ర శాఖకు అధ్యక్షు డయ్యెను. నిచ్చెన నెక్కి గోడలకు రంగులు వేసిన పనివానికి ముప్పదియేడవయేట తనదగు నొక పరిశోధనశాల దొరకెను.

ఆ కాలమున పాస్టరు మాటకు ఐరోపా అంతటను మిక్కిలి గౌరవ ముండెను. ఆతడు 1856 వ సంవత్సరమున లిల్ నగరమున బీటుదుంపలనుండి ఆల్కహాలు తీయు నొక కర్మాగారమున తొట్లు చెడిపోవుచుండగా, ఆ తొట్లనుండి తీసిన ద్రవమును సూక్ష్మదర్శినితో పరీక్షించుచు కిణ్వనమును, అనగా పులియుటను, పరిశోధింప నారంభించెను. పులియుట జీవులవలననే జరుగునని నిరూపించెను. 1876 వ సంవత్సరమున ప్రకటించిన గ్రంథమున బీరు చెడుటకు కారణము దానిలో దూఱిన బాక్టీరియా మొదలగు అన్యజీవులని బోధించెను. ఆ బోధ సత్యమే. దానిని విని యనేకులు తమ తొట్లను శుభ్రపఱచుకొని బాక్టీరియాను తొలగించిరి. అయినను కొన్ని కర్మాగారములలో బీరు చెడుట మానలేదు. ఈస్టు తెల్లగా, బాక్టీరియా లేక, చూచుటకు నిర్దోషముగా నుండును. పానీయము మాత్రము చేదెక్కి, దుర్వాసన గొట్టును. అందఱును బాక్టీరియానే వెదకుచుండిరి.

హాన్సెన్ ఈస్టునే శంకించెను. సూక్ష్మదర్శిని క్రింద ఈస్టుకణములన్నియు నొక్క తీరుగనే, గ్రుడ్డు ఆకారముతో, మిల్లీమీటరులో నూఱవవంతునకు మించని పరిమాణముతో కనబడును. ఒక్క మందలోని గొఱ్ఱెలవలె నుండు వీనిలో కొన్ని వేఱు జాతులు కలిసియున్నవని రూపమునుబట్టి చెప్ప శక్యము కాదు. కావున నాతడు రూపమును విడిచి నడవడిని పరీక్షించెను. తడిపిన జిప్సము దిమ్మెలపై ఈస్టును పెంచి, ఆహారము లేనపుడు ఒక్కొక్క తెగ ఎంత వేడిమియందు ఎన్ని గంటలకు తన లోపల బీజకణములను పుట్టించునో లెక్క వ్రాసెను. చూచుట కొక్కటిగా నున్న తెగలు ఈ పరీక్షయందు వేఱు వేఱు కాలములు చూపెను. ఇంకను ఆతడు తోటలలోను పొలములలోను వెదకి, ఒక విధమగు అడవి ఈస్టు వేసవిలో పండిన పండ్లపై పెరిగి, వానతో నేలకు దిగి, చలికాలమంతయు మట్టిలో దాగి, మరల వేసవిలో గాలితోడను పురుగులతోడను పండ్లను చేరునని కనుగొనెను. అట్టి అడవి ఈస్టులు గాలిలో తేలి కర్మాగారపు తొట్టిలో పడుట వింత కాదు.

శంక కలిగినంత మాత్రమున చాలదు. దానిని తీర్చుటకు ఉపాయము కావలయును. ఒక్క కణమును మాత్రమే వేఱుచేసి, దాని సంతానమును మాత్రమే పెంచి చూచినగాని ఏ తెగ ఏమి చేయునో తెలియదు. అట్లయిన కంటికి కానరాని యొక్క కణము నెట్లు పట్టవచ్చును? హాన్సెన్ చేసిన పని యిది. ఈస్టును నీటితో కలిపి పలుచన చేసి, ఒక చుక్కలో నెన్ని కణములున్నవో సూక్ష్మదర్శినితో లెక్కించెను. రెండు చుక్కలలో సగటున నొక్క కణము మాత్రమే యుండునట్లు మరల నీరు చేర్చెను. ఒక్కొక్క చుక్కను ఒక్కొక్క శుభ్రమగు ద్రవముగల గాజు కుప్పెలో వేసి, బాగుగ కుదిపి, కదల్పక యుంచెను. కొన్ని దినములకు కుప్పెలోపల నొకే తెల్లని చుక్క కనబడినచో అది యొక్క కణముయొక్క సంతానము. రెండు మూడు చుక్కలు కనబడినచో దానిని త్రోసివేయవలయును. పిమ్మట నింకను నమ్మకమైన విధమును అవలంబించెను. జర్మనుడగు రాబర్టు కోఖు చూపిన రీతిగా ద్రవమున జిలాటిను కలిపి, పలుచని గాజుపలకపై గడ్డకట్టించి, ఒంటరిగా నున్న కణము నొకదానిని సూక్ష్మదర్శినితో గుర్తించి, అది గడ్డలో కదలలేదు గనుక, దాని చోటనే పెరిగిన గుంపును కనిపెట్టి తీసికొనెను.

ఒక్క కణముతో నింత పెద్ద తొట్టి నిండునా యని బాలురు సందేహింపవచ్చును. లెక్కవేసి చూడుడు. రెండు గంటల కొకసారి ప్రతి కణమును రెండగు ననుకొన్నయెడల, ఒక దినములో 4,096 అగును. రెండు దినములలో 1,67,77,216 అగును. ఆహారము లభించినంతకాలము ఈ గుణకార మాగదు. అయితే ఈ లెక్క చెడ్డ కణమునకు గూడ నింతే వర్తించును. మంచి ఈస్టులో గాలినుండి పడిన యొక్క అడవి కణము కొన్ని మారులు తొట్టి మార్చులోపల వంశము పెంచుకొని మంచిదానిని వెనుకకు నెట్టివేయగలదు.

1883 వ సంవత్సరమున ఈ యాపద కార్ల్స్‌బర్గునకే వచ్చెను. జాకోబ్సెన్ ఎంతో శ్రద్ధతో మ్యూనిక్కునుండి తెచ్చి కాపాడుకొన్న ఈస్టుతో చేసిన బీరు చెడిపోవ నారంభించెను. హాన్సెన్ ఆ ఈస్టును పరీక్షించి, అది యొక్క తెగ కాదనియు, దానిలో అడవి ఈస్టు చేరియున్నదనియు కనుగొనెను. మేలైన తెగను ఒక్క కణమునుండి పెంచి, ఇదియొక్కటియే వాడవలయునని సలహా యిచ్చెను. జాకోబ్సెన్ తొలుత సమ్మతింపలేదు. ఆతడు పాస్టరును మిక్కిలి గౌరవించువాడు. తన కార్ఖానాలో ఆ మహాశయుని శిలాప్రతిమను నిలిపినవాడు. పైగా దశాబ్దములుగా బీరు చేసిన పెద్దలు, ప్రకృతిలో కలిసియున్న వానిని విడదీసినచో రుచి పోవునని భయపడిరి. ఈ సలహా తప్పిపోయినచో పరిశోధకుని పేరు మాత్రమే గాక ఆ కర్మాగారముపై నాధారపడిన వందలకొలది కుటుంబముల జీవనముకూడ నష్టపడును. హాన్సెన్ వాదములతో గెలువ జూడలేదు. చెడ్డ తెగను వేఱుగా పెంచి, దానితో మంచి బీరును చెఱచి చూపెను; మంచి తెగను వేఱుగా పెంచి, దానితో నిర్దోషమగు బీరును చేసి చూపెను. తుదకు 1883 వ సంవత్సరము నవంబరు నెలలో, ఒక్క కణమునుండి పెంచిన ఈస్టు మొదటిసారి కర్మాగారపు తొట్టిలో ప్రవేశపెట్టబడెను. ఫలితము చూచి జాకోబ్సెన్ తన సందేహమును విడిచెను.

ఇచ్చట హాన్సెన్ పాస్టరును తృణీకరించెనని యెవరును తలంపరాదు. పాస్టరు వేసిన బాటలోనే నడచి, ఆతడు ఆగినచోటునుండి ముందునకు పోయెను. గురువు చెప్పినది నిజమే యైనను అది సంపూర్ణము కాకపోవచ్చుననియు, మిగిలిన భాగమును వెదకుట గురువున కపచారము కాదనియు ఆతని నడవడి చూపుచున్నది.

తరువాత జరిగినది ఈ కథయందెల్ల మిక్కిలి యుదారమైన భాగము. ఆ ఈస్టును రహస్యముగా నుంచుకొనినచో కార్ల్స్‌బర్గు తన పోటీదారు లందఱికంటె ధనవంతమై యుండెడిది. జాకోబ్సెన్ తన పూర్వ నియమమును తప్పక, విధమును బహిరంగముగా ప్రకటింపనిచ్చి, అడిగినవారికెల్ల ఈస్టును ఉచితముగా నిచ్చెను. తాను మ్యూనిక్కునుండి ఒకప్పుడు దానముగా పుచ్చుకొన్న దానిని శుద్ధిచేసి లోకమునకు మరల నిచ్చినట్లయ్యెను. హాన్సెన్ మఱియొక సహచరునితో కలిసి, గాలిలోని జీవులు చొరకుండ శుద్ధమగు ఈస్టును పెద్ద మొత్తములుగా పెంచు రాగిపాత్రల యంత్రమును గూడ కల్పించెను. నూటికి పదివంతుల చక్కెర కలిపిన నీటిలో ఈస్టును నిద్రపుచ్చి సంవత్సరములకొలది చావక కాపాడవచ్చునని కనిపెట్టెను. అతడు 1909 వ సంవత్సరము ఆగస్టు 27 వ తేదీన తన 67 వ యేట మరణించెను. తాను వేఱుచేసిన తెగకు 1908 వ సంవత్సరమున నాతడు కార్ల్స్‌బర్గు పేరిట శాస్త్రీయనామ మిచ్చెను. నేటి శాస్త్రజ్ఞులు దానిని పాస్టరు పేరుగల జాతియందే చేర్చి చెప్పుచున్నారు. అది రెండు జాతుల సంకరమనియు, ఆ రెంటిలో నొకదానిని పోలిన అడవి ఈస్టు దక్షిణ అమెరికాయందలి పటగోనియా అడవులలో నున్నదనియు 2011 వ సంవత్సరమున వెల్లడియయ్యెను.

మద్యపానమువలన చెడిన కుటుంబములను చూచియున్న తలిదండ్రులు, బీరు కర్మాగారమున పనిచేసినవాని చరిత్ర పిల్లల కేల యని యడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. కాని హాన్సెన్ కనుగొన్నది పానీయము కాదు, పద్ధతి. రొట్టె పొంగించు ఈస్టును, ఔషధములకు పనికివచ్చు సూక్ష్మజీవులను, నేడు బండ్లు నడుపు ఇథనాలును చేయు ఈస్టును ఎన్నుకొనుట కీ పద్ధతియే మూలము. కత్తి పండు కోయునా, చేయి కోయునా యనునది పట్టినవాని ననుసరించి యుండును.

ఇథనాలు కర్మాగారమున ఈస్టు తెగ యెంత ముఖ్యమో చిన్న లెక్కవలన తెలియును. నూఱు కిలోల గ్లూకోజు చక్కెరనుండి సిద్ధాంతముప్రకారము 51 కిలోల ఇథనాలును, మిగిలిన 49 కిలోలకు బొగ్గుపులుసు వాయువును వచ్చును. అంతకుమించి యే తెగయు నీయజాలదు. కాని చెడ్డ తెగ ఆ చక్కెరలో కొంత తన శరీరమునకును, గ్లిసరిను మొదలగు ఇతర పదార్థములకును వ్యయపఱచును. నురుగు పొంగించి తొట్టి దాటించును. ముద్దలుగా గట్టి అడుగున పడిపోవును. వేడిమిని, పులుపును, తాను విడిచిన ఆల్కహాలును సహించి కడవఱకు పనిచేయు తెగయే కర్మాగారమునకు మంచి పనివాడు.

దీనికి బ్రెజిలు దేశము గొప్ప దృష్టాంతము. అక్కడ చెఱకురసముతోడను చెఱకుమడ్డితోడను ఇథనాలు చేసి బండ్లకు వాడు జాతీయప్రణాళిక 1975 వ సంవత్సరమున ఆరంభమయ్యెను. అక్కడి కర్మాగారములలో ఈస్టును ప్రతిసారి పాఱవేయక, వెన్నదీయు యంత్రమువంటి దానితో వేఱుచేసి, బాక్టీరియా చచ్చుటకై గంధకామ్లము కలిపిన నీటిలో కొంతసే పుంచి, మరల తొట్టిలో వేయుదురు. ఇట్లు 200 దినములకు పైబడిన చెఱకు ఋతువంతయు, దినమునకు రెండుమారులవఱకును, ఆ ఈస్టే పనిచేయవలయును. ఋతువు మొదట రొట్టెల ఈస్టును వేయువారు. అదియే కడవఱకు నున్నదని తలంచువారు. 1990 ప్రాంతమున క్రోమోసోముల యమరికనుబట్టి తెగలను గుర్తించు పద్ధతి వచ్చి పరీక్షింపగా, వేసిన ఈస్టు కొన్ని వారములలోనే మాయమై, చెఱకుతో వచ్చిన అడవి ఈస్టులు తొట్లను ఆక్రమించుకొన్నవని తెలిసెను. హాన్సెన్ కార్ల్స్‌బర్గున చూచిన దానినే శతాబ్దము గడచిన పిదప బ్రెజిలువారు చూచిరి.

కాని యిక్కడ నొక వింత కలదు. ఆ అడవి ఈస్టులలో పెక్కు నురుగు పొంగించు పనికిమాలినవే. అయితే వానిని హాన్సెన్ నేర్పినట్లు ఒక్కొక్కటిగా వేఱుచేసి పరీక్షింపగా, కొన్ని మాత్రము ఆమ్లమును, వేడిమిని, ఆల్కహాలును చక్కగా సహించి ఋతువు కడవఱకు నిలిచి, మిక్కిలి ఇథనాలు నిచ్చునవిగా తేలెను. పీఈ-2, క్యాట్-1 అను తెగలు అట్లు ఆ తొట్లనుండియే యెన్నుకొనబడి, తరువాత బ్రెజిలునందు విస్తారముగా వాడబడెను. పీఈ-2 వంశముయొక్క జన్యుక్రమము 2009 వ సంవత్సరమున ప్రకటింపబడెను. అడవినుండి వచ్చినందున నొకటి చెడ్డది కాదు. పేరుగల చోటినుండి వచ్చినందున నొకటి మంచిది కాదు. వేఱుచేసి, పని యిచ్చి, ఫలము చూచిన పిమ్మటనే తీర్పు చెప్పవలయును.

మన దేశమునందును 2003 వ సంవత్సరమునుండి పెట్రోలులో ఇథనాలు కలుపు కార్యక్రమ మారంభమై, 2022 వ సంవత్సరమున నూటికి పదివంతుల వఱకు చేరెను. చెఱకురసము, మడ్డి, నూకలు, జొన్నవంటి ధాన్యములు ఇందులకు వాడబడుచున్నవి. పొలమున చెఱకు నరుకు కూలివాని చెమటయు, దానిని పులియబెట్టు కంటికి కానరాని ఈస్టుయొక్క పనియు ఆ ఇంధనమున కలిసియున్నవి.

విద్యార్థులారా, హాన్సెన్ జీవితమున రెండు విషయములు మీరు గమనింపవలయును. మొదటిది, ఆతడు ఆలస్యముగా నారంభించెను. రంగుల కుంచెతో గడపిన యేండ్లు ఆతనికి వ్యర్థము కాలేదు. చేతిపనియందలి నిదానమును, ఒక్క చారయు తప్పకుండ చూచు కంటిని అవి యతనికి నేర్పియుండును. ఇంటి పేదఱికముచేత చదువు కొంత ఆగిన బాలుడు మన బడిలోను కలడు. ఆతడు తన కాలము గడచిపోయెనని నిరాశ చెందనక్కఱలేదు. రెండవది, ఆతడు గుంపును చూచి తీర్పు చెప్పలేదు. కోట్లకొలది కణములలో నొక్కదానిని ఒంటరిగా నిలిపి, దాని నడవడి తెలియువఱకు ఓపికతో వేచియుండెను. ఉపాధ్యాయులమగు మేమును నలుబదిమంది పిల్లలను ఒకే తరగతిగా చూచుట కలవాటుపడినవారము. ఒక్కొక్క బాలుని వేఱుగా చూచి, ఆతని శక్తి దేనియం దున్నదో కనిపెట్టుటకు హాన్సెన్‌వంటి ఓపిక మాకును కావలసియున్నది.